జర్మనీలో ఫ్రోజెన్ పెద్దబాతు: లేబుల్ చదవడం, అసలు ధర లెక్కగట్టడం

జర్మనీలో నవంబరు 11న వచ్చే సెయింట్ మార్టిన్ పండుగ నుంచి క్రిస్మస్ దాకా పెద్దబాతుకు సీజన్. ఏడాది అమ్మకాల్లో సింహభాగం ఆ కొద్ది వారాల్లోనే జరిగిపోతుంది. దేశంలో పెంచేవి ఈ గిరాకీకి ఏ మూలకూ చాలవు. అందుకే ఎక్కువ సరుకు పోలండ్, హంగరీల నుంచి, అదీ చాలావరకు ఫ్రోజెన్‌గా వస్తుంది. రైతు దగ్గర తాజాగా కొన్న జర్మన్ పక్షికీ డిస్కౌంట్ షాపు ఫ్రీజర్‌లోని పక్షికీ కిలో ధరలో రెట్టింపు తేడా ఉండడం మామూలే. ఆ తేడా దేనికి పోతోందో తెలియాలంటే కవరు తిప్పి చూడాలి.

‘ఔఫ్‌గెట్సోగెన్ ఇన్’ అన్న చోట పెంచిన దేశం, ‘గెష్లాఖ్‌టెట్ ఇన్’ అన్న చోట కోసిన దేశం ఉంటాయి. ప్యాక్ చేసిన కోడి, బాతు వంటి మాంసాలకు 2015 ఏప్రిల్ నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా ఇది తప్పనిసరి. పెంచిన దేశం అంటే పిల్ల పుట్టిన దేశం కాదు, చివరి నెల రోజులైనా పెరిగిన దేశం. గుడ్డు ఆకారపు ముద్రలో కనిపించే పీఎల్ (పోలండ్), హెచ్‌యూ (హంగరీ), డీఈ (జర్మనీ) అక్షరాలు కోసిన లేదా ప్యాక్ చేసిన ప్లాంటు ఉన్న దేశాన్ని మాత్రమే చెబుతాయి. ముద్రలో డీఈ చూసి జర్మన్ పక్షి అనుకుని ఎక్కువ ధర పెట్టేవాళ్లు చాలామంది. పెంచిన దేశం పేరు పక్కనే రాసి ఉన్నా చదవరు.

తర్వాత చూడాల్సింది ‘ఐన్‌గెఫ్రోరెన్ ఆమ్’, అంటే గడ్డకట్టించిన తేదీ. గడువు తేదీ కన్నా దీనికే ఎక్కువ విలువివ్వాలి. పెద్దబాతులు వసంతంలోనే గుడ్లు పెడతాయి. ఈకలు పూర్తిగా ముదిరేది సుమారు 9, 16, 22 వారాల వయసుల్లో. ఆ మధ్యలో కోస్తే చర్మంలో మొలక ఈకలు ఉండిపోతాయి, వాటిని పీకే పని మీకే పడుతుంది. వేసవి తేదీ ఉంటే అది చాలావరకు 9, 10 వారాలకే కోసిన పక్షి: కొవ్వు తక్కువ, రొమ్ము మాంసం పలచన, పెంపకం ఖర్చూ తక్కువ. అక్టోబరు, నవంబరు తేదీ ఉంటే సాధారణంగా ముదిరిన పక్షి. రెండూ ఒకే ధరకు పెట్టి ఉంటే రెండోదే తీసుకోండి.

‘హాఫర్‌మాస్ట్‌గాన్స్’, అంటే ఓట్స్ మేపి బలిపించిన పెద్దబాతు అనే మాటను ఇష్టం వచ్చినట్టు వాడడానికి లేదు. చివరి మూడు వారాలు రోజుకు కనీసం 500 గ్రాముల ఓట్స్ మేపితేనే ఆ పేరు పెట్టాలని యూరోపియన్ నిబంధన. పోలండ్‌లోని తెల్ల కొవుడా జాతిని సుమారు 14 వారాలు పెంచి, ఆపై మూడు వారాలు ఓట్స్ మీద ఉంచుతారు. ఈ మాటకు కొంత ఎక్కువ ఇవ్వడం న్యాయమే. ‘సంప్రదాయ రుచి’, ‘పండుగ ప్రత్యేకం’ లాంటి వాటికి మాత్రం పైసా ఎక్కువ ఇవ్వనక్కర్లేదు.

కాలేయం కోసం బలవంతంగా మేపిన పక్షుల సంగతి వేరు. ఆ పద్ధతి జర్మనీలోనూ పోలండ్‌లోనూ నిషేధం, హంగరీలో మాత్రం చట్టబద్ధం. జర్మనీలో అమ్మకానికి నిషేధం లేదు కాబట్టి అలాంటి పక్షి మాంసం చవగ్గా మార్కెట్లోకి రావచ్చు. పట్టింపు ఉంటే, బలవంతపు మేత లేదన్న మాట కవరు మీద వెతకండి. టోకుగా కొంటుంటే సరఫరాదారు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఈ విషయంలో నోటిమాట చాలదు.

ఇక ధర. షాపులో కిలో ధర చూపించడం చట్టప్రకారం తప్పనిసరి. 2022 మే 28 నుంచి ప్యాక్ చేసిన సరుకుకు 100 గ్రాముల లెక్క చూపి చవగ్గా కనిపించేలా చేసే వీలు కూడా పోయింది. అయినా ఆ కిలోలో మెడ, కార్జం, గుండె, కడుపులోని కొవ్వు ముద్దలు అన్నీ ఉంటాయి. ఊహకు ఒక లెక్క వేద్దాం. 4.2 కిలోల పక్షి, కిలో 8 యూరోలు అనుకుంటే 33.60 యూరోలు. మెడ, లోపలి భాగాలు 400 గ్రాములు, కొవ్వు ముద్దలు 300, కరిగేటప్పుడు కారే నీరు 100 పోతే 3.4 కిలోలు మిగులుతాయి. ఓవెన్‌లో మూడో వంతు తగ్గితే 2.3 కిలోలు, ఎముకలు తీసేస్తే చర్మంతో సహా సుమారు 1.5 కిలోలు. అంటే పళ్లెంలోకి వచ్చే కిలో 22.40 యూరోలు. ఇప్పుడు కాళ్లు మాత్రమే కిలో 14 యూరోలకు దొరికాయనుకుందాం. 1.4 కిలోలకు 19.60. వేగి, ఎముక పోయాక 800 గ్రాములు మిగిలితే కిలో 24.50. తేడా కేవలం రెండు యూరోలు! కొవ్వు కరిగించి దాచుకునేవాళ్లకు, మెడతో సూప్ కాచుకునేవాళ్లకు మొత్తం పక్షి లాభం. అవి పారేసేవాళ్లు కాళ్లే కొనుక్కోవడం మేలు. మీ ఓవెన్‌లో ఎంత తగ్గుతుందో ఒక్కసారి తూకం వేసి రాసుకుంటే ఈ లెక్క మీదవుతుంది.

బరువు తరగతుల గురించి ఒక మాట. 2,400 గ్రాములు, ఆపైన ఉండే ఫ్రోజెన్ పక్షులను 200 గ్రాముల మెట్లలో తరగతులుగా విభజించవచ్చు, ఒక్కో ప్యాక్‌కు 100 గ్రాముల తరుగును నిబంధన ఒప్పుకుంటుంది. పక్షికి ఇంత అని ఒకే ధర ఉన్నచోట అసలు బరువు రాసి ఉన్నదాన్ని ఎంచుకోండి. నాణ్యత తరగతులు వేరు: చర్మం చిరిగినవి, రెక్క విరిగినవి ‘బి’ తరగతిలోకి వస్తాయి. నిండు పక్షిని బల్ల మీద పెట్టాలంటే ‘ఎ’ కావాలి. విడదీసి వండేవాళ్లకు ‘బి’ లో ఏ లోటూ లేదు.

టోకుగా తెప్పించే రెస్టారెంట్లు కొటేషన్ ఏ రూపానికో ముందు తేల్చుకోవాలి. కస్టమ్స్ కోడ్ 0207 52 10 అంటే పేగులు తీయని, తల, పాదాలు ఉన్న పక్షి, వ్యాపారంలో ‘82 శాతం’ రకం (బతికున్న పక్షి బరువులో మిగిలేది ఇంత అని). 0207 52 90 అంటే శుభ్రం చేసిన ‘75 శాతం’ రకం. మొదటిది కిలో 4 యూరోలు అంటే, రెండోదాని లెక్కలో 4 × 82 ÷ 75, అంటే 4.37. శుభ్రం చేసే కూలి అదనం. ముక్కలు 0207 55 కింద వస్తాయి. పోలండ్ నుంచి వచ్చే సరుకుకు కస్టమ్స్ సుంకం ఉండదు. విక్రేత వ్యాట్ లేకుండా బిల్లు వేస్తాడు, జర్మనీలోని 7 శాతం మీరు లెక్క చూపాలి. అందుకు రెండు వైపులా వ్యాట్ నంబర్లు సరిగ్గా ఉండాలి.

లారీ వచ్చినప్పుడు థర్మామీటర్‌ను రెండు పెట్టెల మధ్య పెట్టి చూడండి. ‘ఫ్రోజెన్’ అంటే మైనస్ 12 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లగా, ‘క్విక్ ఫ్రోజెన్’ అంటే మైనస్ 18. రెండోదానికి రవాణాలో కాసేపు మూడు డిగ్రీల సడలింపు ఉంది. కవరు అడుగున గులాబీ రంగు మంచు పలకలా పేరుకుని ఉంటే, పక్షులు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే, మధ్యలో కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు అనుమానించాలి. సంతకం పెట్టకముందే ఫొటో తీసి డెలివరీ నోట్ మీద రాయండి. కవరు చిరిగిన చోట చర్మం తెల్లగా ఎండిపోతే అది ఫ్రీజర్ దెబ్బ. ఆ భాగం ఎంత వండినా పీచులాగే ఉంటుంది.

ధర కుదుర్చుకునే అదను వసంతం, వేసవి. శరదృతువులో పోలండ్‌లోనో హంగరీలోనో బర్డ్ ఫ్లూ వచ్చి మందలను చంపాల్సి వస్తే అప్పటికి ఒప్పందం లేనివాళ్లే ఎక్కువ చెల్లిస్తారు. ధాన్యం, కరెంటు ధరలు, పోలండ్ జ్లోటీ, హంగరీ ఫోరింట్ మారకం రేట్లు కూడా కొటేషన్‌ను కదుపుతాయి. ఇంటికి కొనేవాళ్లకు క్రిస్మస్ సెలవులు అయ్యాక మిగిలిపోయిన సరుకు మీద తగ్గింపులు దొరకవచ్చు. అప్పుడు మళ్లీ గడ్డకట్టించిన తేదీయే చూడాలి. పెద్దబాతు కొవ్వు మైనస్ 18లోనూ నెమ్మదిగా కనరెక్కుతుంది. జూలైలో గడ్డకట్టించిన పక్షి జనవరికే ఆరు నెలల పాతది. దాన్ని మరుసటి నవంబరు దాకా దాచకుండా శీతాకాలంలోనే వండేయండి. నాలుగు కిలోల పక్షి ఫ్రిజ్‌లో కరగడానికి ఒకటిన్నర నుంచి రెండు రోజులు పడుతుంది. కింద లోతైన పళ్లెం పెట్టి, కారిన నీటిని మిగతా తిండికి తగలకుండా పారబోయండి, కడుపులో మెడ, కార్జం పెట్టిన సంచీని మర్చిపోకుండా బయటికి తీయండి.