ఫైబర్ బోటు రిపేరు, 4వ పాఠం: మెత్తబడని మ్యాటు, మాయమైన థర్మోకోల్

ఈసారి ట్రాన్సమ్‌కు, అంటే బోటు వెనక పలకకు, పొరలు వేయడం మొదలుపెడదాం అనుకున్నాను, కానీ కుదిరేలా లేదు. పోయిన పాఠం చివర్లో తొందరపడి "మ్యాటు (గాజు పీచు షీటు), రెజిన్ (దాన్ని తడిపి గట్టిపడే జిగురు) తెచ్చి పెట్టుకోండి, స్ట్రింగర్ల (బోటు అడుగున బలానికి పొడవుగా వేసే దూలాల) లోపలికి తేలికపాటి దిమ్మె ఏదైనా చాలు" అని రాసి వదిలేశాను. ఆ రెండు ముక్కల వల్ల రెండు బోట్ల పని చెడింది. తప్పు నాదే.

మొదటిది కొత్తపట్నం వైపు బోటు. ఆయన 450 మ్యాటు (చదరపు మీటరు 450 గ్రాములు తూగేది) తెచ్చాడు, అది సరైనదే. రెజిన్ దగ్గరకొచ్చేసరికి "ఎపాక్సీ అయితే అన్నిటికంటే గట్టిది" అని ఎవరో చెబితే, డబ్బు ఎక్కువైనా సరే అని అదే కొన్నాడు. అరగంట రోలర్ తోమినా మ్యాటు గంజి పెట్టిన పంచెలాగా బిర్రుగానే ఉందట, మూలల్లో అణిచిన చోటల్లా లేచి నిలబడిందట. మర్నాడు వేలితో తట్టి చూస్తే సగం చోట్ల డొల్ల శబ్దం. రెండోది జువ్వలదిన్నె దగ్గర. అక్కడి తమ్ముడు చేపల ఐసు పెట్టె తాలూకు థర్మోకోల్‌ను చక్కగా దిమ్మెలుగా కోసి, మ్యాటు కప్పి, పాలియెస్టర్ రెజిన్ పోశాడు. టీ తాగి వచ్చేసరికి దిమ్మె లేదు, కింద తెల్లటి జిగురు గుంట ఉంది. "అన్నా, మింగేసింది" అన్నాడు ఫోన్లో.

వినడానికి రెండు వేరు వేరు గొడవల్లా ఉన్నాయి గానీ మూలం ఒకటే. దాని పేరు స్టైరీన్. పాలియెస్టర్ రెజిన్ డబ్బా మూత తీయగానే ముక్కు పగిలే వాసన వస్తుందే, అదే. పాలియెస్టర్‌లో ఉంటుంది, వినైల్ ఎస్టర్ అనే ఇంకో రెజిన్‌లో ఉంటుంది, ఎపాక్సీలో ఉండదు.

ఇప్పుడు మ్యాటు సంగతి. ఇది నన్ను బాగా విసిగించే విషయం కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టండి. మ్యాటు అంటే నేసిన బట్ట కాదు. సుమారు రెండంగుళాల గాజు పీచు ముక్కల్ని అడ్డదిడ్డంగా చల్లి, విడిపోకుండా ఒక బంకతో అంటించిన షీటు. ఆ బంక పొడి రూపంలో వేసినదైతే పౌడర్ మ్యాటు, పాలలాంటి ద్రవంతో వేసినదైతే ఎమల్షన్ మ్యాటు. ఏదైనా సరే, ఆ బంకను కరిగించేది స్టైరీనే. పాలియెస్టర్ పోస్తే ఒకట్రెండు నిమిషాల్లో బంక కరిగి, పీచు దేనికది విడిపోయి, బోటు వంపు ఎలా తిరిగితే అలా కూర్చుంటుంది. ఎపాక్సీ పోస్తే ఎంత తడిపినా బంక కరగదు. అప్పడం మీద నీళ్లు చల్లితే మెత్తబడుతుంది, నూనె రాస్తే రోజంతా ఉంచినా మెత్తబడదు కదా, అంతే. పైకి తడిసినట్టు మెరుస్తుంది, లోపల గాలి అలాగే ఉంటుంది.

కొనేముందు ఐదు నిమిషాల పని ఒకటి ఉంది. అరచేయంత మ్యాటు ముక్క తీసుకుని దాని మీద క్యాటలిస్ట్ (రెజిన్‌ను గట్టిపరిచే ద్రవం) కలపని రెజిన్ ఒక చెంచా పోసి, రెండు నిమిషాలాగి, గ్లోవ్స్ వేసుకుని రెండు వైపులా మెల్లగా లాగండి. పీచు జారి సేమ్యాలా విడిపోతే ఆ మ్యాటు, ఆ రెజిన్ జోడీ కుదిరినట్టు. అట్టముక్కలా మొరాయిస్తే ఆ జోడీ వద్దు. షాపులో "అన్నిటికీ ఒకటే మ్యాటు సార్, వాటర్ ట్యాంకులకు కూడా ఇదే" అంటారు, ఆ మాటకు తల ఊపకండి.

ఎపాక్సీయే కావాలంటే కొనుక్కోండి, మంచి సరుకే, పాత పాలియెస్టర్ బోటును బాగా పట్టుకుంటుంది కూడా. కానీ దానికి బంకతో అంటించిన మ్యాటు కాకుండా దారంతో కుట్టిన బట్ట తెచ్చుకోవాలి. బయాక్సియల్ అంటారు, పీచు రెండు వైపులకీ 45 డిగ్రీల్లో ఏటవాలుగా పోతుంది. ఇంకో మాట: ఎపాక్సీ గట్టిపడిన చోట మళ్లీ పాలియెస్టర్ వేస్తే సరిగ్గా అతకదు. అందుకే కొత్తపట్నం ఆయనకు ఆ డొల్ల పొరంతా గ్రైండ్ చేసి తీసేసి, ఆ భాగం వరకు ఎపాక్సీతోనే పూర్తి చేయమన్నాను. తిట్టుకుంటూనే చేస్తున్నాడు.

కాబట్టి వరస ఇది: ముందు రెజిన్ తేల్చుకోండి, తర్వాత గాజు, ఆ తర్వాతే లోపలి దిమ్మె.

నా అలవాటు చెబుతాను, మీరు మార్చుకోవచ్చు. పాత బోటు గోడకు అంటుకునే మొదటి రెండు పొరలకు వినైల్ ఎస్టర్, ఆ పైన ఐసో పాలియెస్టర్. తలుపులకు, షెడ్డు రేకులకు వాడే జీపీ (జనరల్ పర్పస్) రెజిన్‌ను ఎప్పుడూ నీళ్లలో ఉండే బోటుకు నేను వాడను. వాడి పదేళ్లు నడిపినవాళ్లూ ఉన్నారు, వాళ్లతో వాదించను.

గాజులో నా దగ్గర రెండే రకాలు ఉంటాయి. 450 పౌడర్ మ్యాటు, 610 రోవింగ్. రోవింగ్ అంటే ఈత చాపలా ముతకగా నేసినది. 300 మ్యాటు కూడా పెట్టుకోమంటారు, నాకు దాని అవసరం పెద్దగా కనిపించలేదు. బలమంతా రోవింగ్‌దే. కానీ రోవింగ్ మీద నేరుగా రోవింగ్ వేస్తే మధ్యలో పట్టు ఉండదు, ఉలి పెట్టి తిప్పితే పొరగా లేచి వస్తుంది. అందుకే మధ్యలో ఒక మ్యాటు, పాత గోడకు ఆనే చోట కూడా మ్యాటే.

లెక్క ఒకటి చూద్దాం. నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్రాన్సమ్ అంటే 0.72 చదరపు మీటరు అనుకోండి. లోపలి వైపు మ్యాటు, రోవింగ్, మ్యాటు, రోవింగ్, మ్యాటు. మ్యాటు మూడు పొరలు కలిపి 970 గ్రాములు, రోవింగ్ రెండు పొరలు 880 గ్రాములు. మ్యాటు తన బరువుకు రెండుంపావు రెట్ల రెజిన్ తాగుతుంది, రోవింగ్ తన బరువంత తాగుతుంది. మొత్తం మూడు కిలోల పైచిలుకు. మూలలకు, రోలర్‌కు, నేలకు పోయేది కలుపుకుని ఐదు కిలోలు కొనండి. గట్టిపడ్డాక నాలుగున్నర మిల్లీమీటర్ల మందం వస్తుంది. పక్క గోడల మీదికి ఎక్కే పట్టీలకు గాజు, రెజిన్ వేరేగా లెక్కేసుకోవాలి, ఒక్కో పొర కిందిదానికంటే ఒక అంగుళం ఎక్కువ పోవాలి.

స్ట్రింగర్ల దిమ్మె విషయంలో బరువు మోసేది పైన కప్పిన గాజే, లోపలిది అచ్చు మాత్రమే. థర్మోకోల్ వద్దు, ఎందుకో పైనే చూశాం. రొయ్యల ప్లాంట్లలో పాత కోల్డ్ స్టోరేజీ ప్యానెళ్లు విప్పినప్పుడు లోపల పసుపుపచ్చ పఫ్ (పాలియురిథేన్ నురుగు దిమ్మె) దొరుకుతుంది, నేను అదే తెచ్చుకుంటాను, దాదాపు ఉచితం. కొన్ని ప్యానెళ్లలో పఫ్ బదులు థర్మోకోలే ఉంటుంది, కాబట్టి ఒక చుక్క రెజిన్ వేసి పది నిమిషాలు చూడండి. గుంట పడకపోతే వాడుకోవచ్చు. నీళ్లు పీల్చిన ముక్కలు మాత్రం పారేయండి. ఫ్లోరు గురించి ఈ పాఠంలో చెప్పను.

గ్రైండింగ్, మాస్కు, అసిటోన్‌తో తుడవడం మళ్లీ రాయను. కానీ ఇది మాత్రం మళ్లీ రాస్తాను: కోబాల్ట్‌నూ (రెజిన్ త్వరగా గట్టిపడేలా చేసే ద్రవం) క్యాటలిస్ట్‌నూ ఎప్పుడూ నేరుగా కలపకండి, భగ్గుమంటుంది, పేలుతుంది. కోబాల్ట్ ముందు రెజిన్‌లో పూర్తిగా కలిసిపోవాలి, ఆ తర్వాతే క్యాటలిస్ట్. రెండు సీసాలూ ఒకే అరలో పెట్టొద్దు. మనలో చాలామంది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలోనే బోటు పని పెట్టుకుంటారు, అంటే రోహిణి కార్తె ఎండల్లో. కిలో రెజిన్‌కు 10 గ్రాముల క్యాటలిస్ట్ చాలు, అంతకంటే తగ్గించినా ప్రమాదమే, లోపల పచ్చిగా మిగిలిపోతుంది. మూత లెక్క వద్దు, కాటా పెట్టండి. అరకిలో చొప్పున కలుపుకుని, లోతు డబ్బాలో కాకుండా వెడల్పాటి గిన్నెలో ఉంచుకోండి, పొద్దున తొమ్మిదిలోపు పని ముగించండి.

ఇక అభ్యాసం. ఇది చేయకుండా తర్వాతి పాఠానికి రావద్దు, కాస్త కష్టమే. అడుగు మీద అడుగు, అంటే 30 సెంటీమీటర్ల చదరాలు నాలుగు 450 మ్యాటు నుంచి కోయండి. ఒక్కోటి 40 గ్రాముల చుట్టూ తూగాలి. నాలుగూ రెజిన్‌తో పొరలుగా వేసి, గీతల రోలర్‌తో గాలి తీసి, ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ తూచండి. 540 గ్రాముల దగ్గర వస్తే మీ చెయ్యి కుదిరింది. 700 వచ్చిందంటే రెజిన్ పోసి బొమ్మ చేశారన్నమాట, పగులుతుంది, మళ్లీ చేయండి. మీ బోటు నుంచి కోసి పారేసిన పాత ముక్క ఒకటి తీసుకుని సగం గ్రైండ్ చేసి, సగం వదిలేసి, రెండింటి మీదా ఒకే పట్టీ వేయండి. రెండు రోజులాగి రెండు చివర్ల నుంచీ ఉలితో లేపండి. గ్రైండ్ చేసిన వైపు పాత ముక్క పీచు ఊడి రావాలి, పొర శుభ్రంగా లేస్తే గ్రైండింగ్ చాల్లేదు.

ట్రాన్సమ్‌కు ప్లైవుడ్ ఇప్పుడే కొనకండి. ఐఎస్ 710 అని ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్‌లో కూడా అంచు చూసి ఏరుకోవాల్సినవి ఉన్నాయి, వచ్చేసారి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఈలోగా చదరాల బరువులు కాగితం మీద రాసి ఉంచుకోండి.