ట్యూబులో గర్భం అనుమానమా? స్కాన్‌కు ముందు జాగ్రత్తలు

పిండం గర్భసంచిలో కాక, అండవాహిక (ఫెలోపియన్ ట్యూబు)లో నాటుకుంటే అది ట్యూబు గర్భం. అనుమానం ఉన్న మహిళకు ముందు నాడి, బీపీ చూడండి. కళ్లు తిరుగుతున్నా, బీపీ పడిపోతున్నా స్కాన్ వరుసలో కూర్చోబెట్టకండి. సెలైన్ పెట్టి, ఆపరేషన్ జరిగే చోటికి పంపండి. ఉదయగిరి వైపు నుంచి నెల్లూరు దూరాభారం, ఆలస్యమైతే ప్రాణం మీదకొస్తుంది.

చివరి నెలసరి తేదీ, బ్లడ్ గ్రూపు, బీటా హెచ్‌సీజీ (రక్తంలో గర్భం హార్మోన్ స్థాయి) రాసుకోండి. లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద గర్భిణి స్కాన్‌కు నింపే ఫారం ఎఫ్ తప్పనిసరి.

యోని ద్వారా చేసే స్కాన్ అయితే మూత్రం పోసి రమ్మనండి. ప్రోబ్‌కు (లోపల పెట్టే స్కాన్ కడ్డీకి) కొత్త తొడుగు వేయండి. రబ్బరు పడదేమో అడగండి.

గర్భసంచిలో నల్లటి సంచి కనబడగానే నిశ్చింతగా ఉండొద్దు. ట్యూబు గర్భంలోనూ అక్కడ ద్రవం చేరి మోసం చేస్తుంది; లోపల యోక్ శాక్ (తొలినాళ్లలో పిండంతో ఉండే చిన్న గుండ్రటి సంచి) కనబడాలి. అండాశయం పక్కన గడ్డ ఉంటే ప్రోబ్‌తో మెల్లగా నొక్కండి: అండాశయంతో కలిసి కదిలితే కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అండాశయంలో మిగిలే మామూలు గడ్డ) కావచ్చు, విడిగా జారితే ట్యూబు గర్భం అనుమానం బలపడుతుంది. కాలేయం, కుడి కిడ్నీ మధ్య కూడా రక్తం చేరిందేమో చూడండి.

ఏమీ తేలకపోతే, ఆమె నిలకడగా ఉంటే, 48 గంటలకు మళ్లీ హెచ్‌సీజీ.