ఇంట్లో ఆక్సిజన్ – మూడో పాఠం: ముక్కు పైపు ఎంచుకోవడం

పోయిన పాఠంలో ఆక్సిజన్ మిషన్ ఎక్కడ పెట్టాలో, ఆక్సిజన్‌కి తడి పట్టించే హ్యుమిడిఫయర్ బాటిల్‌లో నీళ్లు ఎంతవరకు పోయాలో చూశాం. ఈసారి మిషన్ జోలికి వెళ్లం. మనిషి ఒంటికి తగిలే ఆ చివరి ముక్క, అదే ముక్కు పైపు, దాని సంగతి చూద్దాం.

వేలకు వేలు పోసి కాన్సంట్రేటర్ (గాలిలోంచి ఆక్సిజన్ వేరుచేసి ఇచ్చే ఆ మిషన్) కొనేటప్పుడు నాలుగు షాపులు తిరుగుతాం, తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తాం. పైపు మాత్రం షాపులో ఏది చేతిలో పెడితే అదే. మేమూ అంతే చేశాం. మా అమ్మకి సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు పాడై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు. 30 ఏళ్లు కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఫలితం. డాక్టరుగారు నిమిషానికి 1.5 లీటర్ల ఫ్లో, రోజుకు కనీసం 15 గంటలు అని రాశారు. మొదటి వారంలోనే ఒక రాత్రి లేచి చూస్తే పైపు దిండు మీద పడి ఉంది, గాలి సుయ్‌మని పోతోంది, అమ్మ వేలికి రక్తంలో ఆక్సిజన్ చూపే మీటర్ పెడితే 84 శాతం. "నిద్రలో ఊడిపోయిందేమోనే" అంది. ఊడలేదు, తనే తీసేసింది. పొద్దున జడ వేస్తూ చెవి మడిచి చూస్తే, చెవికీ తలకీ మధ్య సందులో ఎర్రగా గాడి పడి, తోలు లేచి ఉంది.

ఆ 15 గంటల లెక్క ఏదో నోటికొచ్చి చెప్పింది కాదు. 1980, 81లలో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ వెలువడిన రెండు ముఖ్యమైన పరిశీలనల నుంచి వచ్చింది. రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గిన సీఓపీడీ రోగుల ఆయుష్షు పెరగాలంటే రోజులో ఎక్కువ గంటలు పెట్టుకోవాలని అవి తేల్చాయి. పైపు గుచ్చుకుంటే ఎవరైనా ఎన్ని గంటలు ఉంచుకుంటారు?

ఇక షాపుకి వెళ్దాం. మెడికల్ షాపులో ఒట్టి "కాన్యులా" అంటే సెలైన్ ఎక్కించే సూది తీసి ఇస్తారు. "ఆక్సిజన్ పెట్టే నేజల్ కాన్యులా" అని పూర్తిగా అడగండి, "నేజల్ ప్రాంగ్స్" అన్నా అర్థమవుతుంది. ప్యాకెట్ మీద అడల్ట్, పీడియాట్రిక్, ఇన్‌ఫంట్ అని సైజు ఉంటుంది. మామూలు అడల్ట్ పైపు 6 లీటర్ల ఫ్లో దాకా సరిపోతుంది, ఇంట్లో వాడే 5 లీటర్ల మిషన్‌కి అది చాలు. అంతకు మించి రాస్తే దానికి వేరే రకం ఉంటుంది, డాక్టరుని అడిగే కొనాలి.

కొన్నాక ముందు చూడాల్సింది ముక్కులోకి వెళ్లే రెండు కొమ్ములు. నిటారుగా ఉండేవి కొన్ని, వంపు తిరిగినవి కొన్ని. నా ఓటు వంపువాటికే. ముక్కు లోపలి దారి పైకి పోదు, వెనక్కి గొంతువైపు పోతుంది. వంపు కొమ్ము ఆ దారినే గాలి పంపుతుంది. నిటారుది కొందరికి లోపలి పొర మీద ఒకే చోట గాలి కొట్టి, అక్కడ ఎండి పెచ్చు కడుతుంది. పెట్టేటప్పుడు వంపు కిందికి, ముఖం వైపుకి ఉండాలి. తిరగేసి పెట్టడం ఎంత మామూలంటే, ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేటప్పుడు మా అమ్మకి అలాగే ఉంది.

కొమ్ము లావు కూడా చూడండి. ముక్కు రంధ్రం నిండా బిగుసుకుపోకూడదు, సుమారు సగం ఖాళీ ఉండాలి. ఒట్టి ముక్కుతో పీల్చే గాలి కూడా పక్కనుంచి లోపలికి వెళ్లాలి కదా. సన్నటి ముఖం ఉన్న ఆడవాళ్లకి అడల్ట్ కొమ్ములు పెద్దవవుతాయి. మా అమ్మకి ఫ్లో తక్కువ కాబట్టి డాక్టరుని అడిగి పీడియాట్రిక్ తెచ్చాం, సరిగ్గా కూర్చుంది. అంతేకాని పొడుగున్నాయని కొమ్ముల్ని కత్తెరతో కత్తిరించకండి. తెగిన అంచు బ్లేడులా గీసుకుంటుంది.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది, ప్యాకెట్ మీద ఎవరూ రాయనిది: ముక్కుపుడక. పుడక లోపలి మర సరిగ్గా కొమ్ము ఆనే చోటే ఉంటుంది. రెండూ ఒరుసుకుని అమ్మకి రోజూ ముక్కులోంచి రక్తపు చారలు. తీసేయమంటే, "మీ నాన్న ఉండగా బోసిముక్కుతో తిరగనా?" అంది. వాదించి లాభం లేదని కంసాలి దగ్గరికి తీసుకెళ్లి, మర పుడక తీయించి వెనక చదునుగా ఉండేది పెట్టించాం. మూడు రోజుల్లో రక్తం ఆగింది. మగవాళ్ల సంగతికొస్తే గుబురు మీసం. పైపు దాని మీద నిలవక జారి కొమ్ములు బయటికి వస్తుంటాయి. పైపు ఆనే మేర మీసం కాస్త కత్తిరించుకుంటే చాలు, మొత్తం తీయించుకోనక్కర్లేదు.

తర్వాత పైపు మెత్తదనం. మామూలువి పీవీసీ. వాడేకొద్దీ గట్టిపడతాయి. చెవి దగ్గర రెండు వేళ్లతో వంచి చూస్తే తెలుస్తుంది: కొత్తది దారంలా వంగుతుంది, నెల వాడింది పుల్లలా ఎదురు తిరుగుతుంది. సిలికాన్‌వి మెత్తగా ఉంటాయి, ధర ఎక్కువ. చెవి పుండు పడ్డవాళ్లకి ఆ డబ్బు దండగ కాదని నా అభిప్రాయం. మెత్తని పైపుకి ఒక లోపం ఉంది, దిండు కిందో మంచం కోడు కిందో పడితే నలిగి మూసుకుపోతుంది. అందుకే పైపు చివర లోపలికి చూడండి. రంధ్రం గుండ్రంగా కాక నక్షత్రం ఆకారంలో ఉంటే, నలిగినా మూలల్లోంచి గాలి పోతూనే ఉంటుంది. కొత్త పైపు చుట్టలు చుట్టుకుని మొండికేస్తే, వాడకముందే గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి సాగదీసి, లోపల తడి పూర్తిగా ఆరాక పెట్టండి.

చెవుల కోసం ఫోమ్ తొడుగులు దొరుకుతాయి, పైపుకి తొడగడమే. దొరక్కపోతే పాత నూలుచీర అంచు పీలికని పైపుకి చుట్టి పేపర్ టేప్ వేయండి. దూది వద్దు, పుండుకి అంటుకుంటుంది. కళ్లజోడు ఉన్నవాళ్లు పగటిపూట జోడు ముందు పెట్టుకుని, పైపుని దాని కాడ మీదుగా తిప్పితే బరువు కాడ మోస్తుంది. గడ్డం కింద జారే ముడి ఉంటుంది చూడండి, దాన్ని బిగించాక కిందినుంచి రెండు వేళ్లు దూరాలి. ఊడిపోతుందేమోనన్న టెన్షన్‌తో మనమే ఎక్కువ బిగిస్తాం, చెవులు కోసుకుపోయేది అందుకే.

ముక్కు ఎండితే మన చేయి ముందు కొబ్బరినూనె సీసా మీదికి పోతుంది. పోనివ్వకండి. వ్యాసలీన్, విక్స్ కూడా అంతే. ఆక్సిజన్ దగ్గర నూనెకి, జిడ్డు పదార్థాలకి ఇట్టే నిప్పంటుకుంటుంది. పైగా ముక్కులో రాసిన నూనె కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారి అక్కడ వేరే జబ్బు తేవచ్చు. నీటితో చేసిన జెల్ గానీ సెలైన్ చుక్కలు గానీ అడగండి. ఆ పైపుతో పొయ్యి దగ్గరికీ దీపం దగ్గరికీ వెళ్లకూడదని మొదటి పాఠంలోనే చెప్పుకున్నాం. హారతి కళ్లకద్దుకోవడం కూడా అందులోకే వస్తుంది. మా ఇంట్లో పళ్లెం ఇప్పుడు దేవుడి గది దాటి రాదు, అమ్మ మంచం మీంచే దణ్ణం పెడుతుంది.

కొమ్ముల్ని వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి, మంచినీళ్లతో జాడించి బాగా ఆరబెట్టండి. 2 నుంచి 4 వారాలకు పైపు మార్చండి. మధ్యలో జలుబు చేస్తే, తగ్గాక వెంటనే మార్చేయండి. మార్చిన తేదీ క్యాలెండర్‌లో పాలవాడి లెక్క పక్కనే రాసుకుంటే మర్చిపోరు. గాలి వస్తోందా లేదా అని అనుమానం వస్తే గ్లాసు నీళ్లలో కొమ్ములు ముంచండి. బుడగలు రాకపోతే మిషన్ నుంచి ముక్కు దాకా పైపు వెంట చేయి పోనివ్వండి, ఎక్కడో ఒక మడతో, ఊడిన అతుకో తగులుతుంది. మీటర్‌లో అంకె తగ్గిందని ఫ్లో మీరే పెంచకండి. సీఓపీడీ వాళ్లకి ఆక్సిజన్ ఎక్కువైనా ప్రమాదమే, చాలామందికి డాక్టర్లు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలంటారు. ముందు పైపు చూసుకోండి, సరిగానే ఉంటే డాక్టరుకి ఫోన్ చేయండి.

ఈ వారం అభ్యాసం ఒక్కటే. రోజూ రాత్రి పడుకునే ముందు, మీ ఇంట్లో పేషెంటు చెవుల వెనక, బుగ్గల మీద, ముక్కు కింద టార్చి వేసి చూడండి. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రగా వస్తే ఇంకా మన చేతిలోనే ఉంది: పైపు చోటు మార్చి, తొడుగు వేయండి. నొక్కినా ఎరుపు కదలకపోయినా, తోలు లేచినా డాక్టరుకి చూపించాలి. వచ్చే పాఠంలో మంచం నుంచి బాత్‌రూమ్ దాకా పొడుగు పైపు వేసుకోవడం, అది కాళ్లకి తట్టుకోకుండా చూసుకోవడం.