ట్రైలర్ ఊగుతోందా? స్వే బార్ కొనే ముందు సామాను చూడండి

అమెరికాలో సమ్మర్‌కి ట్రావెల్ ట్రైలర్ (బండి వెనకాల లాక్కెళ్లే చక్రాల ఇల్లు) తగిలించుకుని ఎల్లోస్టోన్ వైపు వెళ్దామనుకునే మనవాళ్ల కోసం ఇది. హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగితే చాలామంది వెంటనే స్వే బార్ (ఆ ఊగుడు తగ్గించే కడ్డీ) కొనేస్తారు, అది మంచిదే గానీ అసలు సంగతి బరువు ఎక్కడుందనేది. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ (ట్రైలర్‌ని తగిలించే, బండి వెనకాల ఉండే ఇనుప గుండు) మీద పడాలి, అంటే 5000 పౌండ్ల ట్రైలర్‌కి 500 నుంచి 750 పౌండ్లు. బియ్యం బస్తా, కూలర్, వాటర్ కేసులు అన్నీ వెనకాల పడేస్తే ముందు తేలికైపోయి ఊగడం మొదలవుద్ది, అందుకే బరువైనవన్నీ ఇరుసుకి కాస్త ముందుగా, కింద ఫ్లోర్ మీదే పెట్టండి. వాటర్ ట్యాంక్ ఎక్కడుందో కూడా చూస్కోండి, 40 గ్యాలన్లు నింపితే 330 పౌండ్లు దాటుతుంది, అది వెనకుంటే లెక్కంతా తారుమారే. బయల్దేరే ముందు ట్రక్ స్టాప్‌లో ఒకసారి తూకం వేయించండి ప్లీజ్.

టైర్లు చల్లగా ఉన్నప్పుడే వాటిలో గాలి చెక్ చేయాలి.

ఒకవేళ దార్లో ఊగిందనుకోండి, కార్ బ్రేక్ గట్టిగా తొక్కొద్దు, స్పీడూ పెంచొద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పకుండా తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి, బ్రేక్ కంట్రోలర్ (డ్రైవర్ దగ్గర నుంచే ట్రైలర్ బ్రేకులు వేసే పరికరం) ఉంటే దాని లీవర్‌ని చేత్తో మెల్లగా నొక్కితే ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడి బండి లైన్‌లోకొస్తుంది. ఆ లీవర్ ఎక్కడుందో డ్రైవ్ చేసే ప్రతి ఒక్కరికీ ఇంటిదగ్గరే చూపించండి.