ఫీమర్‌ను (తొడ ఎముకను) చేత్తో కాదు, బల్ల మీద నిలబెట్టి చూడండి

వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో ఫస్టియర్ బోన్ వైవాకి (ఎముకల మీద నోటి పరీక్షకి) వెళ్లేవాళ్లు ఫీమర్‌ను నిట్టనిలువుగా పట్టుకోకండి. అలా పట్టుకుంటే లోపలి కండైల్ (మోకాలి వైపు చివర ఉండే గుబ్బ) బయటిదాని కంటే కిందికి దిగిపోతుంది, ఎగ్జామినర్ వెంటనే ఆపుతారు. రెండు కండైల్స్ అడుగునూ బల్లకు సమంగా ఆనించండి. ఎముక పైభాగం తనంతట తానే బయటికి వాలుతుంది, మన ఒంట్లో ఉండేదీ అలాగే.

ఇప్పుడు ఎముక కుడిదో ఎడమదో తేల్చడానికి, దాని వెనక గరుకుగా తగిలే గీతను, అంటే లీనియా ఆస్పెరాను, మీవైపు తిప్పుకోండి. హెడ్ (పై చివర ఉండే గుండ్రటి భాగం) ఎడమకి చూస్తే అది కుడి ఫీమర్. హెడ్ విరిగిన ఎముక ఇచ్చినా కంగారు వద్దు, లెస్సర్ ట్రోకాంటర్ (పైభాగంలో ఉండే చిన్న బొడిపె) ఎముకకి వెనక, లోపలి వైపే ఉంటుంది, దాన్ని బట్టి తేల్చండి.

హిప్ బోన్‌కైతే (తుంటి ఎముకకైతే) గోడ చాలు: ఎసిటాబులమ్ (ఫీమర్ హెడ్ కూర్చునే గుంట) బయటికి పెట్టి, ముందరి పై ఇలియాక్ స్పైన్ (పైన ముందుకి పొడుచుకొచ్చిన మొన), ప్యూబిక్ ట్యుబర్‌కిల్ (కింద ముందరి చిన్న బొడిపె) రెండూ ఒకేసారి గోడకు తగిలేలా పట్టండి.