అమ్మానాన్నలకి ఆభా నంబర్ ఎలా తీయాలి, పీహెచ్‌సీలో ఎలా వాడాలి

మా అమ్మ బీపీ చీటీలన్నీ ఒక పాలిథిన్ కవర్లో పెట్టుకునేది, వానకి తడిసి ఇంకు అలుక్కుపోయి ఏ మాత్ర ఎంత డోసో డాక్టర్ గారికే అర్థం కాలేదు, ఆ రోజే కూర్చుని ఆభా, అంటే చీటీలూ రిపోర్టులూ ఫోన్లోనే దాచుకునే ప్రభుత్వ హెల్త్ ఖాతా, చేశా.

ముందు ఆధార్‌కి లింకైన ఫోన్ నంబర్ ఇంకా వాడుకలో ఉందో లేదో చూడండి, ఎందుకంటే ఓటీపీ దానికే వస్తుంది, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. నంబర్ పాతదైతే ఆధార్ సెంటర్లో మార్పించుకోవచ్చు. తర్వాత ఆభా యాప్‌లో ఆధార్ కొట్టి ఓటీపీ ఇస్తే 14 అంకెల నంబర్ వస్తుంది, డబ్బులేం కట్టక్కర్లేదు. ఆభా అడ్రస్ అని, ఈమెయిల్ ఐడీలాంటి పేరు ఇంకోటి పెట్టుకోమంటుంది, గుర్తుండేలా పెట్టండి.

ఇక ఆస్పత్రిలో ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ అతికించి ఉంటే యాప్‌తో స్కాన్ చేయండి, పేరు వయసు వివరాలు వాళ్ళకి వెళ్ళిపోయి మీకు టోకెన్ వస్తుంది, చీటీ రాయించుకునే లైన్ తప్పుతుంది. పెద్దవాళ్ళకి ఇదే పెద్ద ఊరట, నిజంగా.

పాత చీటీలు ఫొటో తీసి యాప్‌లో పెట్టొచ్చు, కానీ ఒరిజినల్స్ మాత్రం పారేయకండి. రికార్డులు చూస్తామని ఆస్పత్రి రిక్వెస్ట్ పెడితే ఏవి, ఎన్ని రోజులకో చదివాకే ఓకే నొక్కండి. ఓటీపీ ఫోన్లో ఎవరడిగినా చెప్పొద్దని అమ్మకి రెండుసార్లు చెప్పండి.

స్పెషలిస్ట్ కావాలంటే ఊళ్ళో హెల్త్ సెంటర్లోనే ఈ-సంజీవని (దూరంలో ఉన్న డాక్టర్‌తో మాట్లాడించే ప్రభుత్వ సేవ) వీడియో కాల్ అడగండి.