లోహపు కిట్ విమానం: ఇంట్లో నిర్మించేటప్పుడు వచ్చే సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

కిట్‌గా వచ్చిన తేలికపాటి విమానాన్ని ఇంట్లో నిర్మించేవారికి లోపం కనిపించే చోటు ఒకటి, అది పుట్టిన చోటు మరొకటి కావడం మామూలే. అందుకే కింద ప్రతి సమస్యనూ కంటికి కనిపించే లక్షణంతో మొదలుపెట్టి, కారణం తేలిన తర్వాతే పరిష్కారం చెప్పాను. ఇది అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించే కిట్లకు సంబంధించినది. కిట్ తయారీదారు ఇచ్చిన పుస్తకంలో వేరే కొలత ఉంటే దానినే పాటించాలి.

రివెట్ వెనక తల ఒరిగిపోయింది, లేదా కాడ వంగిపోయింది

కొట్టిన తర్వాత వెనకవైపు ఏర్పడే తల రేకుకు సమాంతరంగా, గుండ్రని బిళ్లలా ఉండాలి. దాని వ్యాసం కాడ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు, మందం కాడ వ్యాసంలో సగం; అంటే 1/8 అంగుళం రివెట్‌కు 3/16 అంగుళం వెడల్పు, 1/16 అంగుళం మందం రావాలి. తల ఒకవైపుకు ఒరిగితే బకింగ్ బార్ (కొట్టేటప్పుడు వెనకవైపు ఆనించే ఇనుప దిమ్మ) సమంగా ఆనలేదని అర్థం. కాడే పక్కకు వాలిపోతే మాత్రం ముందుగా రివెట్ పొడవును, రంధ్రం వెడల్పును అనుమానించాలి. కొట్టకముందు కాడ రేకుల అవతలకు తన వ్యాసానికి ఒకటిన్నర రెట్లు పొడుచుకు వస్తే చాలు.

తల కాస్త ఒరిగినా కొలతకు సరిపోయి, రేకుల మధ్య సందు లేకుంటే దానిని అలాగే వదిలేయడం మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అందంగా లేని రివెట్ కంటే దానిని తీయబోయి కోలగా సాగదీసిన రంధ్రమే నిర్మాణానికి ఎక్కువ చెరుపు చేస్తుంది. తప్పనిసరిగా తీయవలసి వస్తే, మొదట తయారీలోనే వచ్చిన ముందువైపు తల నడుమ ఉన్న చిన్న గుంటలో డ్రిల్ బిట్‌ను నిలిపి, తల మందం మేరకే తొలవాలి. ఆ రంధ్రంలో పంచ్ పెట్టి పక్కకు వంచితే తల ఊడి వస్తుంది. వెనకవైపు చెక్క ఆనించి, కాడను నెమ్మదిగా తట్టి బయటకు పంపాలి. 3/32 అంగుళం రివెట్ రంధ్రం పెద్దదైపోతే, తల పాత కొలతలోనే ఉండి కాడ మాత్రం 1/8 అంగుళం ఉండే మరమ్మతు రివెట్లు దొరుకుతాయి.

రిబ్బు రంధ్రాలు పైరేకు రంధ్రాలతో కలవడం లేదు

రిబ్బు అంటే పైరేకు కింద ఉండి రెక్క ఆకారాన్ని నిలిపే భాగం. దాని అంచులను అచ్చుపై వంచినప్పుడు రిబ్బు మొత్తం కొద్దిగా విల్లులా వంగుతుంది. ఫ్లూటింగ్ ప్లయర్స్‌తో (రేకుకు ముడత వేసే పట్టకారుతో) రంధ్రాల మధ్య, పైరేకుకు తగలకుండా లోపలి వైపుకు చిన్న ముడతలు వేస్తే అది తిన్నగా వస్తుంది. రంధ్రాలను ఆకురాయితో సాగదీసి కలపకూడదు.

డింపుల్ చుట్టూ సన్నని పగుళ్లు

డింపుల్ అంటే రివెట్ తల రేకుతో సమంగా కూర్చునేలా రంధ్రం చుట్టూ నొక్కే గుంట. పగుళ్లకు సాధారణంగా కారణం రంధ్రపు అంచున మిగిలిన గరుకు. అక్కడి నుంచే పగులు మొదలవుతుంది కాబట్టి, రంధ్రాన్ని తుది కొలతకు తెచ్చి, రెండు వైపులా అంచు నునుపు చేసిన తర్వాతే డింపుల్ వేయాలి. రంధ్రం చేసిన పద్ధతి కూడా కారణం కావచ్చు: 2022, 2023 ప్రాంతంలో వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కిట్లలో లేజర్‌తో కోసిన కొన్ని భాగాలకు డింపుల్ వేసినప్పుడు పగుళ్లు రావడంతో, ఆ సంస్థ పరీక్షలు జరిపి భాగాలు మార్చి ఇవ్వవలసి వచ్చింది. పగిలిన భాగాన్ని పక్కన పెట్టి, తయారీదారును అడిగి ముందుకు సాగాలి.

ఇంధన ట్యాంకు గాలి పరీక్షలో ఒత్తిడి నిలవడం లేదు

ముందుగా అది నిజంగా కారుతోందో లేదో తేల్చుకోవాలి. ఒత్తిడి చూడటానికి ట్యాంకుకు నీళ్లు పోసిన U ఆకారపు గొట్టం తగిలిస్తారు. ట్యాంకులో 1 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) ఒత్తిడి ఉంటే, ఆ గొట్టంలోని నీటిమట్టాల తేడా దాదాపు 27.7 అంగుళాలు ఉంటుంది. లోపలి గాలి ఒక్క డిగ్రీ సెల్సియస్ చల్లబడితే చాలు, ఆ తేడా దాదాపు 1.4 అంగుళాలు తగ్గుతుంది. వాతావరణ పీడనం మారినా అది కదులుతుంది. రాత్రి దిగిన మట్టం మధ్యాహ్నానికి మళ్లీ లేస్తే ట్యాంకులో తప్పు లేదు. ఏ వేళ చూసినా ఒకే దిశలో దిగుతూ పోతే సబ్బునీళ్లు పూసి బుడగలు వెతకాలి, అదీ ముందుగా మూత, డ్రెయిన్, పరీక్ష కోసం బిగించిన గొట్టాల దగ్గర. గాలి నింపడానికి సైకిల్ పంపు చాలు. కంప్రెసర్‌ను నేరుగా తగిలిస్తే ట్యాంకు ఉబ్బి చెడిపోతుంది.

రివెట్ దగ్గరే బుడగలు వస్తే, రేకును గరుకు చేసి శుభ్రం చేయకపోవడమో, కలిపాక వాడదగిన సమయం దాటి బిగుసుకుంటున్న సీలెంట్ (సందులు మూసే జిగురు) వాడటమో, పాళ్లు తప్పడమో కారణమై ఉంటుంది. ట్యాంకులకు వాడే పాలీసల్ఫైడ్ సీలెంట్‌ను సాధారణంగా బరువు లెక్కన 10 పాళ్లకు 1 పాలు గట్టిపరిచే మందుతో కలుపుతారు. కంటి అంచనాతో కాకుండా చిన్న త్రాసుతో తూచాలి. బయటి నుంచి పూసిన సీలెంట్‌ను లోపలి ఇంధనం ఎప్పుడూ బయటకు నెడుతూనే ఉంటుంది కాబట్టి, వీలైతే తనిఖీ రంధ్రం తెరిచి లోపలి నుంచే సరిచేయాలి.

ఇంజిన్ సిలిండర్ హెడ్ వేడెక్కుతోంది

ఒక్క సిలిండరే ఎక్కువ చూపిస్తే దాని సెన్సర్‌ను పక్క సిలిండర్‌కు మార్చి చూడాలి; ఎక్కువ రీడింగ్ సెన్సర్‌తోపాటే కదిలితే లోపం ఇంజిన్‌లో లేదు. గాలితో చల్లబడే ఇంజిన్‌లో సిలిండర్లన్నీ వేడెక్కితే మొదట బాఫిల్స్ (గాలిని సిలిండర్ల మీదుగా మళ్లించే రేకులు) చూడాలి. చీకట్లో కౌలింగ్ (ఇంజిన్ పై కప్పు) లోపల దీపం ఉంచి, గాలి లోపలికొచ్చే దారిలోంచి చూస్తే, వెలుగు జారే ప్రతి సందులోంచీ గాలి కూడా సిలిండర్లను తాకకుండా పోతున్నట్టే. కౌలింగ్ మూసేటప్పుడు వెనక్కి మడతపడే రబ్బరు పట్టీలే చాలాసార్లు దోషులు. కొత్త ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సర్దుకునేదాకా కొంత అదనపు వేడి సహజమే, కాని ఇంజిన్ తయారీదారు చెప్పిన హద్దు దాటకూడదు.

గాలిలో విమానం ఒకవైపుకు వాలుతోంది

రెండు ట్యాంకుల్లో ఇంధనం సమంగా ఉందా, టర్న్ కోఆర్డినేటర్‌లో (మలుపును చూపే పరికరంలో) విమానం పక్కకు జారడాన్ని చూపే బంతి నడుమ ఉందా, ఫ్లాపులు (దిగేటప్పుడు కిందకు దించే రెక్క వెనక పలకలు) రెండూ పూర్తిగా పైకి లేచాయా అన్నవి ఈ వరుసలోనే చూడాలి. అవన్నీ సరిగా ఉంటే ఏలరాన్ (విమానాన్ని పక్కలకు వాల్చే రెక్క వెనక అంచు పలక) అమరిక, ఆ తర్వాత రెక్కల కోణం చూడాలి. ఏలరాన్‌కు ట్రిమ్ ముక్క అతికించినా, మళ్లీ రంగు వేసినా దాని బరువు సమతూకం మారుతుంది. ఎగిరే ముందు దానిని కొత్తగా తూచి సరిచేయాలి, లేకపోతే అధిక వేగంలో అది ఫ్లటర్‌కు, అంటే పలక అదుపు తప్పి వేగంగా కొట్టుకోవడానికి, దారితీయవచ్చు.